పసుపు డబ్బాలోని గోలీలు

ఆసుపత్రిలో నా టేబుల్ సొరుగు తెరిచినవాళ్లు మొదట నవ్వుతారు. స్టాప్లరు, రబ్బరు ముద్రలు, మందుల పెట్టెల మీద అంటించే నంబర్ల కాగితాలు ఉన్న చోటే ఒక స్టీలు డబ్బాలో పసుపుకొమ్ములు ఉంటాయి. పక్కన పసుపు రాసి ఆరబెట్టిన దారపుండ. మందుల కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన ఒక పెద్ద సారు, ఇది మనసు జబ్బుల దవాఖానా, పూజ సామాన్ల దుకాణమా అని అడిగాడు. నేను చెప్పాను. మెదడు ఫోటో తీసే మెషిన్‌లోకి ఏ లోహమూ పోకూడదు. గాజులు తీయమంటే తీస్తారు, కమ్మలు తీస్తారు. పుస్తెలు తీయమంటే మాత్రం మా ఛత్రినాక ఆడవాళ్లు లేచి ఇంటికి పోతారు. అట్లా ఇద్దరు పోయాక నాకు ఈ ఉపాయం తట్టింది. ముందు మెడలో పసుపుకొమ్ము కట్టి, ఆ తర్వాత పుస్తెలు తీస్తే మెడ బోసిగా ఉన్నట్టు కాదు. పుస్తెలతాడు తెగినప్పుడు మా ఇళ్లలో చేసేది అదే. సారు తల ఊపి, నోట్‌బుక్‌లో మంచి పద్ధతి అని రాసుకున్నాడు. నేను మురిసిపోయాను. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పుడు నా ముఖం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

నా ఉద్యోగం పేరు కోఆర్డినేటర్. కొత్త మందు బజారులోకి రాకముందు దాన్ని మనుషుల మీద పరీక్షించి చూస్తారు కదా, ఆ పరీక్షకు మనుషులను కూర్చడం నా పని. వాళ్లకు కాగితాలు చదివి వినిపించాలి, సంతకాలు తీసుకోవాలి, గోలీలు ఇవ్వాలి, మిగిలినవి లెక్కబెట్టి వెనక్కి తీసుకోవాలి. నా చదువు చూసి ఈ పని ఇచ్చారని చాలా రోజులు అనుకున్నాను. కాదు. మాది ఆ గల్లీల్లో పాత ఇల్లు, తాతల కాలం నుంచి అమ్మవారి గుడికి పూలు కట్టే ఇల్లు. పూలోళ్ల పిల్ల చెప్పిందంటే జనం నమ్ముతారు. ఈ పరీక్షలు నడిపే మా డాక్టరు ఆ నమ్మకానికి జీతం ఇచ్చాడు.

మా వాకిట్లో రెండు పోర్షన్లు. ఒక దాంట్లో మా నాన్న, నేను. ఎదురుగా పెదనాన్న ఇల్లు. పెదనాన్న పోయాడు, పెద్దమ్మ ఉంది. ఆమె కొడుకును నేను అన్న అంటాను, అతని భార్యను వదిన అంటాను. వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నేను ఆరో తరగతి. మా అమ్మ లేదు. నా తల దువ్వింది వదినే, పెద్దమనిషినైనప్పుడు గదిలో కూర్చోబెట్టి విషయం చెప్పింది వదినే, ఇంటర్ ఫెయిలైతే మా నాన్న కొట్టకుండా అడ్డం నిలబడ్డది వదినే. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు, పిల్లా అనే పిలుస్తుంది.

అన్న తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి బుట్టల్లో పూలు తెచ్చేవాడు. ఎండెక్కేలోపు వదిన మాలలు కట్టేసేది. చామంతి, బంతి, మధ్యలో మరువం, చివర్లో గులాబి గుత్తి. మాట్లాడుతూ కట్టేది, నన్ను తిడుతూ కట్టేది, చూడకుండా కట్టేది. ఆ చేతులు ఒక ఏడాది ఆగిపోయాయి. మాల సగంలో ఉండగా దారం పట్టుకుని అట్లాగే కూర్చునేది. పిలిస్తే పలికేది, అన్నం పెడితే తినేది, ఏమైందంటే ఏం కాలేదనేది. ఒక కారణం ఉంటే బాగుండేది. ఇంట్లో చావు లేదు, మొగుడు తాగడు, అత్త నోరు పెద్దదే కానీ మనసు చెడ్డది కాదు. కారణం లేని బాధను మా గల్లీలో ఎవరూ నమ్మరు. "గామెకు ఏం తక్కువైందమ్మా?" అని నా ముందే అన్నారు. దిష్టి తీశారు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. చివరికి నేను మా డాక్టరుకు చూపించాను. ఆయన ఒక గోలీ రాశాడు. దాంతో నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది, మనిషి మాత్రం పూర్తిగా రాలేదు. రోజుకు ఒక మాల కట్టేది, అది కూడా ఏడుస్తూ.

సరిగ్గా అప్పుడే మా దగ్గరికి కొత్త పరీక్ష వచ్చింది. దిగులు జబ్బుకు కొత్త మందు, ఆరు నెలలు. మందు మెదడు మీద ఏం పని చేస్తుందో చూడటానికి మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి స్కానింగు. ఎవరికి కొత్త మందు పడిందో, ఎవరికి పాతది పడిందో, ఎవరికి ఉత్త పిండి గోలీ పడిందో మాకు కూడా తెలియదు. అది పద్ధతి, దాని మీద నాకు కోపం లేదు. నా కోపం ఇంకో చోట ఉంది. మాకు కావలసినంత మంది దొరకలేదు. ఇట్లాగే ఉంటే మీ సెంటర్ మూసేస్తామని కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. డాక్టరు నా వైపు చూశాడు. నేను వదిన గురించి ఆలోచించాను. వదిన బాగు కోసం ఆలోచించానని అప్పుడు అనుకున్నాను, అందరితో అదే చెప్పాను. అందులో సగం నిజం.

ఆసుపత్రి సిబ్బంది ఇంటివాళ్లను పరీక్షలో చేర్చకూడదని నియమం ఉంది. ఇంటివాళ్లంటే ఎవరో కూడా అందులో రాసుంది. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, తోడబుట్టినవాళ్లు. పెదనాన్న కొడుకు అందులో లేడు, అతని భార్య అసలే లేదు. ఒకే వాకిట్లో ఒకే బావినీళ్లు తాగి పెరిగినా కంపెనీ కాగితం ప్రకారం వదిన నాకు ఏమీ కాదు. "టెక్నికల్‌గా ప్రాబ్లం లేదు" అన్నాడు డాక్టరు. నాకు కూడా ఆ మాట చాలా సౌకర్యంగా అనిపించింది.

ఒప్పుకోలు పత్రం తీసుకుని ఎదురింటికి పోయాను. వదిన ఆ బొత్తి చూసి, "గిదేంది పిల్లా, గింత పెద్ద కితాబు?" అంది.

"మొత్తం సదివి ఇనిపియ్యాలె వదినా. రూల్."

"నువ్వు సదివినవ్ గద. చాలు. దస్కతు ఏడ పెట్టాలె?"

అయినా చదివాను. గబగబా చదివాను. ఏ కారణము చేతనైనను, ఏ సమయమునందైనను ఈ పరిశోధనను నిలిపివేయు హక్కు కంపెనీకి కలదు అనే వాక్యం కూడా చదివాను. ఆ వాక్యం దగ్గర ఆగలేదు. ఆగి, వదినా, దీనర్థం ఏందో తెలుసా అని అడగలేదు. అడిగితే దస్కతు పెట్టకపోయేదేమో అని కాదు. వదిన నా కోసం దేని మీదైనా పెడుతుంది. అది తెలిసే అడగలేదు.

మొదలుపెట్టే ముందు పాత గోలీ రెండు వారాలు బంద్ చేయాలి. ఆ రెండు వారాలు నేను చూశాను. ఉన్న నిద్ర కూడా పోయింది. పెద్దమ్మ నన్ను వాకిట్లో నిలదీసింది. "కొండ నాలికకు మందేస్తె ఉన్న నాలిక ఊడింది. గిదేనా నీ సదువు?" అంది. కొన్ని రోజులు ఓపిక పట్టమన్నాను. ఓపిక పట్టమని చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

మొదటి స్కానింగు రోజు పెద్దమ్మ కూడా వెంట వచ్చింది. పుస్తెల విషయం వినగానే లొల్లి మొదలుపెట్టింది. "మొగడు బతికుండంగ పుస్తెలు తీపిస్తవానే?" అని సెంటర్ మొత్తం వినేలా అరిచింది. నేను పసుపుకొమ్ము చూపించాను. దాన్ని వదిన మెడలో కట్టమని ఆమె చేతికే ఇచ్చాను. పెద్దమ్మ మూడు ముళ్లు వేసింది. ఆ తర్వాతే పుస్తెలు తీసి తన కొంగులో కట్టుకుంది. మట్టెలు రాలేదు, ఏళ్ల నాటివి, వేళ్లు ఉబ్బి ఉన్నాయి. బాత్రూంలో సబ్బు రాసి నేనే తీశాను. వదిన పాదం నా తొడ మీద పెట్టుకుని తీస్తుంటే ఆమె గోడ వైపు చూస్తూ కూర్చుంది, ఆ పాదం తనది కానట్టు. మెషిన్ దగ్గరి భాయ్, "హిల్నా నక్కో అమ్మా" అని చెప్పి తలుపు మూశాడు. ఆమె కదలదని అతనికి తెలియదు. అప్పటికి ఏడాదిగా ఆమె కదలడం లేదు.

తర్వాత ప్రశ్నల కాగితం. ఇది రెండు వారాలకోసారి ఉంటుంది. అడగాల్సింది డాక్టరు, కానీ ఆయన ఓపీలో జనం ఎక్కువ. నేను అడిగేదాన్ని, ఆయన సంతకం పెట్టేవాడు. ప్రతి ప్రశ్నకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కు. సున్నా అంటే ఏ బాధా లేదు, నాలుగు అంటే భరించలేనంత. ఎక్కడో కూర్చుని ఎవరో చేసిన అనువాదం అది, ఒక్క అక్షరం మార్చకుండా చదవాలి. ఇంకో నియమం కూడా ఉంది, శిక్షణలో పదే పదే చెప్పారు. ఓదార్చకూడదు. ఎదుటి మనిషి ఏడ్చినా సరే తల ఊపాలి, నంబరు రాసుకోవాలి, తర్వాతి ప్రశ్నకు పోవాలి. ఓదారిస్తే జవాబు మారిపోతుందట.

మొదటి రోజు అడిగాను. "గడచిన వారము రోజులలో తాము ఏదైనా తప్పు చేసితినని బాధపడినారా?"

వదిన ఒళ్లోని చేతుల వైపు చూసుకుంది. "బుట్టల పూలు బుట్టలనే ఎండిపాయె. అమ్మోరి మెడ బోసిగుండె. గంతకంటె తప్పేముంటది పిల్లా? నాలుగు రాస్కో."

నేను తల ఊపాను. నాలుగు రాశాను. "నిద్ర సరిగా పట్టుచున్నదా?" అని అడిగాను.

మా కాగితాల్లో వదిన పేరు లేదు, పదిహేడో నంబరు అంతే. పదిహేడు మొదటి నెలలో ఏమీ మారలేదు. రెండో నెలలో ఒక పొద్దున నేను ఆసుపత్రికి బయలుదేరుతుంటే ఎదురింటి అరుగు మీద నుంచి తిట్లు వినబడ్డాయి. బంతిపూలు తెమ్మంటే చామంతులు తెచ్చినందుకు వదిన అన్నను తిడుతోంది. అన్న గుమ్మంలో నిలబడి తిట్లు తింటూ నవ్వుతున్నాడు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటోంది. మా ఇంట్లో ఒక ఆడమనిషి నోరు చేసుకుంటే అందరూ అంత సంతోషపడ్డది అదొక్కసారే. నేను బ్యాగు భుజానికి వేసుకుని నిలబడి ఏడ్చాను. నాకు ఆ మందు మీద, ఆ కంపెనీ మీద, నా మీద కూడా ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

రెండో స్కానింగుకు వదిన తనే పసుపుకొమ్ము కట్టుకుంది. ఆ మెషిన్ దబదబ చప్పుళ్లలోంచి బయటికి వస్తూనే, "గీ డప్పులకు తాళం లేదు పిల్లా. మన బోనాల డప్పోళ్లు ఇంటె ఉరికిచ్చి కొడతరు" అంది. తర్వాత ఆ భాయ్‌ని పట్టుకుంది. "నా ఫోటువ నాకు చూపియ్యి. నా బాధ ఏడున్నది, ముందటనా, ఎనకనా?" అతను నా వైపు చూశాడు. చూపించకూడదని నియమం. కంపెనీకి పంపుతారు, అక్కడెవరో కొలుస్తారు అని చెప్పాను. "నా తలకాయ్ లోపలిది నేను చూడొద్దా? మంచిగుంది తియ్" అంది నవ్వుతూ. అప్పుడు ఇద్దరం నవ్వాం.

ఆషాఢం వచ్చింది. ఆ ఏడు బోనాలకు వదిన బోనం ఎత్తింది. వేపకొమ్మలు కట్టిన కుండ, పైన దీపం, పసుపు ముఖం. గల్లీ అంతా జనం, డప్పులు. తలమీది బోనానికి చెయ్యి పట్టకుండా గుడి దాకా నడిచింది. గుడి మెట్ల దగ్గర నన్ను చూసి కన్ను గీటింది. ఆ ముందటి వారం ప్రశ్నల కాగితంలో దాదాపు అన్నీ సున్నాలు. తప్పు చేసితినని బాధపడినారా అంటే, "నేనేం చేసిన? తప్పులన్ని మీ అన్నయే" అంది. నేను సున్నా రాశాను.

బోనాలైన వారానికి మెయిల్ వచ్చింది. పరీక్ష ఆపేస్తున్నారు. మందుతో ఎవరికీ హాని జరగలేదని, వ్యాపార కారణాల వల్ల మాత్రమే ఈ నిర్ణయమని స్పష్టంగా రాశారు. రెండు వారాల్లో గోలీలన్నీ వెనక్కి తీసుకోవాలి, లెక్క సరిచూడాలి, ఉన్నవాళ్లకు ముగింపు స్కానింగు చేయాలి. నేను డాక్టరు గదిలోకి పోయాను. ఓపీ జరుగుతున్నా పోయాను.

"బాగున్నోళ్లకు ఇగ మందియ్యరా సార్? ఆరు నెలలన్నరు గద?"

"మన చేతుల ఏం లేదమ్మా. పైనుంచి వచ్చింది. పాత గోలీ మళ్ల రాస్త."

"పాతది పనిచెయ్యలేదు గద సార్."

"అందరికీ అన్నీ పనిచెయ్యవు" అని తర్వాతి పేషెంటు కోసం గంట కొట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది.

ఇళ్లిళ్లూ తిరిగి గోలీలు వసూలు చేశాను. కార్వాన్‌లో ఒక కిరాణా దుకాణపాయన, మందు తీసుకుంటవ్ సరే, మరి నన్నేడికి తీస్కపోతవ్ అని అడిగాడు. అతని స్ట్రిప్పులు లెక్కబెట్టి సంచిలో వేసుకున్నాను. వదిన ఇంటికి చివర పోయాను. పద్దెనిమిది అడుగుల వాకిలి దాటడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మధ్యాహ్నం. పెద్దమ్మ నిద్రపోతోంది. వదినకు చెప్పాను. ఆమె విన్నది. లోపలికి పోయి ఆ నెల స్ట్రిప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. నేను లెక్కబెట్టాను. సరిపోయాయి. సంతకం చేయమని కాగితం ముందుకు జరిపాను.

"నువ్వు ఫికర్ చెయ్యకు పిల్లా" అంది వదిన. గొంతు తగ్గించింది. "నా తాన ఉన్నయి."

దేవుని గూట్లోంచి పసుపు డబ్బా తెచ్చింది. పైన పసుపు, లోపల చిన్న గుడ్డ మూట. విప్పింది. మొదటి స్కానింగు నాటి పసుపుకొమ్ము, దాని చుట్టూ తెల్ల గోలీలు. ఇరవై తొమ్మిది.

"మంచిగున్న దినం ఎందుకు మింగాలె? మంచిగలేని దినానికి అక్కరకొస్తది గద. ఒక్కపొద్దు దినాలు గూడ ఏస్కోలే. స్ట్రిప్పుల రంధ్రం జేసి ఖాళీ చేసి నీకిచ్చిన. నీ లెక్క తప్పద్దని."

ఆ చివరి మాట ఎంత గర్వంగా చెప్పిందో. బియ్యం డబ్బాలో పిడికెడు తీసి పక్కన పెట్టడం, చక్కెర ఉన్నప్పుడే చక్కెర దాచడం, మిగిలిన దారం ముక్కలు ముడేసి మళ్లీ వాడటం, మా ఇళ్లల్లో మంచి ఇల్లాలంటే అదే. బాగున్న రోజు మందు మింగడం ఆమెకు దుబారాగా కనిపించింది. నా లెక్క తప్పకూడదని ఆలోచించింది కూడా నా మీద ప్రేమతోనే. నాలుగు నెలలుగా నేను పదిహేడో నంబరుకు గోలీలన్నీ మింగింది, లెక్క నూటికి నూరు అని రాశాను.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచనలు వరుసగా చెప్పాలి, ఎందుకంటే వాటి వరుసే నా పాపం. మొదట వచ్చింది తనిఖీ సారు ముఖం. రెండోది, ఇంకో నెలలో రాబోతున్న నిద్ర మందు పరీక్ష, అందులో నాకు సీనియర్ అని పేరు పెడతామన్న మాట. మూడోది, డాక్టరు లేకుండా ఆమె ఈ గోలీలు సొంతంగా మింగితే ప్రమాదమేమో అన్నది. మూడోదాన్ని నోటితో చెప్పాను.

"గివి నీ తాన ఉంచుకోవద్దు వదినా. డాక్టర్ లేకుంట ఏస్కుంటె ఖతర్నాక్. ఇచ్చెయ్."

"ఇరవై తొమ్మిదే గద పిల్లా. నెలొస్తయి. ఆగి ఆగి ఏస్కుంటె రెణ్ణెల్లొస్తయి."

"వద్దు."

ఆమె నా ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు అబద్ధం చెప్పినప్పుడు చూసినట్టే చూసింది. అయినా మూట నా చేతిలో పెట్టింది. పసుపుకొమ్ము మాత్రం తీసి తన దగ్గర ఉంచుకుంది. "పోనీ తియ్. ఇంకెవలకన్న ఇస్తరేమో, అక్కరున్నోళ్లకు" అంది.

ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వడానికి వీల్లేదు. కంపెనీకి వెనక్కి పంపాలంటే లెక్కలో చూపించాలి, చూపిస్తే నాలుగు నెలల నా నూటికి నూరు అబద్ధమైపోతుంది. మరుసటి రోజు ఆసుపత్రి బాత్రూంలో నిలబడి ఒక్కొక్కటీ కమోడ్‌లో వేశాను. పసుపు అంటుకుని ఉన్నాయి, నీళ్లు పచ్చగా అయ్యాయి. రెంటికీ చెడ్డ రేవడి అంటారు. అవి సైన్సుకూ పనికిరాలేదు, వదిన నోట్లోకీ పోలేదు. అవి ఉత్త పిండి గోలీలే కావచ్చు. ఇప్పటికీ నాకు తెలియదు, చెప్పమని రెండుసార్లు మెయిల్ పెట్టినా జవాబు రాలేదు. పిండి అయినా సరే, ఆమె వాటిని పట్టుకుని లేచింది. ఆ పట్టు నేను విడిపించాను. కంచే చేను మేసిందని మా పెద్దమ్మ ఎవరెవరి గురించో అంటుంది, ఆ మాట నాకు ఎంత సరిపోతుందో ఆమెకు తెలియదు.

ముగింపు స్కానింగుకు దొరికిన తేదీ శ్రావణ శుక్రవారం. ఆ రోజు ఆడవాళ్లు పసుపు కుంకుమల కోసం వాకిళ్లు తిరుగుతుంటే, పుస్తెలు తీయడానికి రమ్మని నేను వదినను పిలిచాను. పెద్దమ్మ ఈసారి నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. వదినే బయటికి వచ్చింది. "సంతకం పెట్టిన గద, పోదాం" అంది. సెంటర్‌లో తనే కొమ్ము కట్టుకుంది, తనే పుస్తెలు తీసింది. మట్టెలు ఈసారి సులువుగానే వచ్చాయి, పది రోజుల్లో అంత చిక్కిపోయింది. ఫోటో చూపించమని అడగలేదు. మందు ఇవ్వడానికి వ్యాపారం అడ్డొచ్చింది కానీ మెదడు ఫోటో తీసుకోవడానికి అడ్డు రాలేదు. పరీక్ష కాగితాల మీద చివరి గడి నిండాలి కదా.

కార్తీకం వచ్చేసరికి అంతా మొదటికి వచ్చింది. మొదటికి అంటే మొదటి కంటే వెనక్కి. పాత గోలీ మళ్లీ రాశారు, అది ఈసారి నిద్ర కూడా ఇవ్వలేదు. నేను ఊరికే ఉన్నానని కాదు. ఇంకో డాక్టరుకు చూపించాను, పెద్దాసుపత్రికి తీసుకుపోయాను, అక్కడ రాసిన మందులు ఇప్పుడు నడుస్తున్నాయి. కొంచెం తేడా ఉందంటారు. నాకు ఆమె ముట్టని పూలబుట్టలు కనిపిస్తాయి కాబట్టి నేను ఏమీ అనను.

ఆ మధ్యే కంపెనీ నుంచి మా సెంటర్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. రికార్డులు శుభ్రంగా ఉంచినందుకు, గోలీల లెక్క ఎక్కడా తప్పనందుకు. డాక్టరు దాన్ని లామినేషన్ చేయించి నా కుర్చీ వెనక గోడకు కొట్టించాడు. వదినకు కూడా ఒక ఉత్తరం వచ్చింది, పేరు లేకుండా, నంబరు మీద. విజ్ఞానానికి తాము చేసిన సేవ మరువరానిది అని ఉంది. దాన్ని ఆమెకు చదివి వినిపించలేదు. నా సొరుగులో పసుపుకొమ్ముల డబ్బా కింద ఉంది. నిద్ర మందు పరీక్ష మొదలైంది, నాకు సీనియర్ అని పేరు కూడా పెట్టారు. ఉద్యోగం మానేయలేదేమని నన్ను ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పొద్దున పూలు నేనే కడుతున్నాను. ఆసుపత్రికి పోయే ముందు గంటసేపు అరుగు మీద కూర్చుని కడతాను. నా ముళ్లు వదులు, గుడిలో అమ్మవారి మెడలో వేస్తుంటే పూలు రాలుతాయని పూజారి అన్నకు చెప్పాడట. వదిన పక్కన కూర్చుని చూస్తుంది. చేతులు ఒళ్లో ఉంటాయి.

మొన్న ఒక పొద్దున ఆమే మాట్లాడింది. "అవ్ పిల్లా, ఆ గోలీలు ఎవలకిచ్చిన్రు?"

అబద్ధం చెప్పడానికి అంతా సిద్ధంగానే ఉంది. ఎవరో బీద మనిషికి ఇచ్చారని, ఆమె బాగుపడ్డదని చెప్పవచ్చు. వదినకు తృప్తిగా ఉండేది. నాకు నోరు రాలేదు.

"ఎవలకియ్యలే వదినా. పారవోసిన. లెక్కల చూపియ్యనీకి భయమై బాత్రూంల పారవోసిన."

ఆమె నా ఒళ్లోని దారం అందుకుంది. నేను వేసిన వదులు ముడి ఒకటి విప్పింది, మళ్లీ వేయలేదు. వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది. బండి గల్లీ మలుపు తిరిగాక వదిన నా వైపు తిరిగింది. నెలల తరబడి నా నోటి నుంచి విన్న మాటలను, ఒక్క అక్షరం మార్చకుండా, నేను అడిగిన గొంతుతోనే అడిగింది.

"గడచిన వారము రోజులలో తాము ఏదైనా తప్పు చేసితినని బాధపడినారా?"

నవ్వులాటకు అడిగిందేమోనని ముఖం చూశాను. నవ్వు లేదు. జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"నాలుగు" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకోబోయాను, ఒక్కసారి నా తల మీద చెయ్యి వేస్తుందేమోనని.

వదిన తల ఊపింది.

"నిద్ర సరిగా పట్టుచున్నదా?" అని అడిగింది.